పిల్లి దంత సంరక్షణ: అనంతపురం కరవు సీమలో ఇంటి పద్ధతులు

నిర్వచనం, పరిధి

పెంపుడు పిల్లి పళ్ళకు పాచి పట్టకుండా, చిగుళ్ళు వాయకుండా యజమాని ఇంట్లోనే తీసుకునే జాగ్రత్తలను గృహ దంత సంరక్షణ అంటారు. పళ్ళు తోమడం, నోరు పరీక్షించడం, తగిన ఆహారం పెట్టడం, పాచిని తగ్గించే పూతలు వాడడం ఇందులో భాగాలు. గట్టిపడిన గారను గీకి తీయడం, పన్ను పీకడం, మత్తు అవసరమయ్యే ఇతర పనులు దీని కిందికి రావు, అవి పశువైద్యుడు చేయవలసినవి (చూ. పశు దంతవైద్యం). ఈ వ్యాసం అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ఇళ్ళను ముందుంచుకొని విషయాన్ని వివరిస్తుంది. ఎలుకల వేట మీదా మిగిలిన సంగటి మీదా బతికే ఊరి పిల్లికీ, పట్టణంలో గడప దాటకుండా పెరిగే పిల్లికీ నోటి జబ్బులు ఒకటే. వాటికి దారితీసే పరిస్థితులు, అందుబాటులో ఉన్న సాధనాలు మాత్రం వేరు.

ప్రాంత నేపథ్యం

1882లో బళ్ళారి నుంచి వేరుపడి ఏర్పడిన అనంతపురం జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాది సగటు వాన సుమారు 550 మి.మీ. నైరుతి రుతుపవనాలు కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయి; ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడడంతో ధర్మవరం, కదిరి, పెనుకొండ, హిందూపురం, మడకశిర ప్రాంతాలు అందులో చేరాయి. పీఠభూమి అడుగున ఎక్కువగా ఉన్నవి గ్రానైటు, నైసు శిలలు. ప్రధానమైన పంట వానాధార వేరుశనగ.

ఈ ఊళ్ళలో పిల్లి చాలాకాలంగా పనిచేసి బతికే జంతువు. బుడ్డల (వేరుశనగ కాయల) మూటలు, జొన్నలు, రాగులు నిల్వ ఉన్న ఇంట ఎలుకల బెడద తప్పదు. ఎలుకలున్నచోట పిల్లిని ఎవరూ తరమరు. దానికని ప్రత్యేకంగా వండే అలవాటు తక్కువ. మిగిలిన సంగటి, పాలన్నం, మజ్జిగ, కోడికూర వండిన రోజు ఎముకలు దాని వంతు. అనంతపురం, హిందూపురం, గుంతకల్లు వంటి పట్టణాల్లో దుకాణంలో కొన్న పొడి ఆహారంతో పిల్లుల్ని పెంచే ఇళ్ళూ ఉన్నాయి.

జంతువు నోరు తెరిచి పళ్ళు చూడడం ఈ సీమవాసులకు కొత్త విద్య కాదు. సంతలో గొర్రెనో ఎద్దునో కొనేవాడు ముందు కింది పెదవి లాగి చూస్తాడు. రెండు పండ్లది, నాలుగు పండ్లది, ఆరు పండ్లది అని వయసు కట్టాకే బేరం మొదలవుతుంది. గొర్రెకు మొదటి జత శాశ్వత దంతాలు ఏడాది దాటాక, ఏడాదిన్నర లోపు వస్తాయి. ఎద్దుకు సుమారు రెండేళ్ళకు. పిల్లికి సంత లేదు గనుక దాని నోరు చూసే అవసరం ఎవరికీ రాలేదు. పైగా ఆరు నెలలకే శాశ్వత దంతాలన్నీ వచ్చేస్తాయి కాబట్టి ఆ తరువాత పళ్ళు చూసి వయసు కచ్చితంగా చెప్పడమూ కుదరదు. పిల్లి దంతరోగాలు ముదిరిన తరువాతే కంటపడడానికి ఈ అలవాటు లేమి ఒక కారణం.

పిల్లి దంతాల నిర్మాణం

ఎదిగిన పిల్లికి 30 పళ్ళు. పై దవడలో 16, కింది దవడలో 14. ముందు భాగంలో చిన్నచిన్న కుంతకాలు పైన 6, కింద 6. వాటి పక్కన కోరపళ్ళు నాలుగు. వెనుక అగ్రచర్వణకాలు పైన 6, కింద 4. చర్వణకాలు పైన 2, కింద 2. పాలపళ్ళు 26, వాటిలో చర్వణకాలు ఉండవు. కూనకు రెండు మూడు వారాల వయసులో పాలపళ్ళు మొలవడం మొదలై ఆరు వారాలకు పూర్తవుతుంది. మూడు, నాలుగు నెలల మధ్య అవి ఊడడం మొదలై ఆరు నెలలకల్లా శాశ్వత దంతాలు నిలదొక్కుకుంటాయి. ఊడిన పాలపళ్ళను చాలాసార్లు కూనే మింగేస్తుంది. ఇంట్లో వాళ్ళకు అవి దొరకకపోవడం మామూలే.

పై దవడలోని చివరి అగ్రచర్వణకం, కింది దవడలోని చర్వణకం ఒకదాని పక్కన ఒకటి కత్తెరలా జారుతూ మాంసాన్ని కోస్తాయి. వీటిని మాంసచ్ఛేదక దంతాలు అంటారు. పిల్లి దవడ ఆవు దవడలాగా పక్కలకు కదలదు, పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. అందువల్ల పిల్లి నమలడం కన్నా కోసి మింగడమే ఎక్కువ. గింజలు నలిపే చదునైన పంటి తలాలు లేకపోవడంతో మనుషుల్లో కనిపించే పిప్పిపళ్ళు పిల్లుల్లో చాలా అరుదు.

ఎనామెల్ పొర మనిషి పంటి మీది దానికన్నా బాగా పలచన. కోరపంటి లోపలి పల్ప్ కుహరం దాదాపు కొనదాకా సాగి ఉంటుంది. కొన కొంచెం విరిగినా లోపలి నాడి బయటపడవచ్చు.

పశువైద్యులు పళ్ళను ట్రయడాన్ అంకెలతో గుర్తిస్తారు. 1972లో హాన్స్ ట్రయడాన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని 1991లో ఫ్లాయిడ్ సవరించి విస్తరించాడు. నోటిని నాలుగు భాగాలుగా చేసి పై కుడికి 100, పై ఎడమకు 200, కింది ఎడమకు 300, కింది కుడికి 400 వరుసలు ఇస్తారు. 104 అంటే పై కుడి కోరపన్ను. వైద్యుడి చీటీలో కనిపించే మూడంకెల సంఖ్యలు ఇవే.

చారిత్రక క్రమం

మనిషితో పిల్లి సహవాసానికి సైప్రస్‌లోని షిల్లూరొకాంబోస్ వద్ద దొరికిన, సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధి తొలి ఆధారాల్లో ఒకటి. పెంపుడు పిల్లి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. ఇంత పాత సహవాసంలో దాని పళ్ళ మీద శ్రద్ధ మాత్రం ఇటీవలిది. పశు దంతవైద్యం చాలాకాలం గుర్రాల చుట్టూనే తిరిగింది. కుక్కలు, పిల్లుల వంతు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వచ్చింది. నిపుణులకు గుర్తింపునిచ్చే అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజ్ 1988లో ఏర్పడింది. పాచిని, గారను తగ్గిస్తామని చెప్పుకొనే ఉత్పత్తులను పరిశీలించి ముద్ర వేసే వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ 1997లో మొదలైంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం అంతర్జాతీయ దంత మార్గదర్శకాలను తరువాత వెలువరించింది. రోజూ తోమడమే ఇంటి సంరక్షణకు ప్రమాణమని అవి చెబుతాయి.

పాచి, గార, చిగుళ్ళ వ్యాధి

శుభ్రం చేసిన పంటి మీద కొన్ని గంటల్లోనే లాలాజలపు పలుచని పొర, దాని మీద బాక్టీరియా చేరతాయి. ఒక రోజుకు అది వేలికి తగిలే మెత్తని పాచి అవుతుంది. తీయకపోతే రెండు మూడు రోజుల్లో లాలాజలంలోని కాల్షియం లవణాలు దిగి గట్టిపడడం మొదలవుతుంది. అదే గార. పాచిని గుడ్డతో తుడవవచ్చు, గారను తుడవలేం. వారానికొకసారి చేసే సంరక్షణ ఎందుకు నిలవదో ఈ కాలలెక్కలోనే ఉంది.

బోరునీటిలోని సున్నమే పళ్ళకు పట్టుకుంటుందనుకోవడం పొరపాటు. పాత్రల అడుగున తెల్లటి పెచ్చు కట్టడం నీటి గట్టిదనం వల్ల. పంటి గారకు కావలసిన ఖనిజం లాలాజలంలో నుంచి వస్తుంది.

నష్టం చేసేది గార కన్నా దాని గరుకు మీద, చిగురు అంచు కింద చేరే పాచి. మొదట చిగురు అంచు ఎర్రబడి వాస్తుంది, తాకితే రక్తం వస్తుంది. ఇది చిగుళ్ళ వాపు. శుభ్రం చేస్తే పూర్తిగా నయమవుతుంది. వాపు లోపలికి దిగి పంటిని పట్టి ఉంచే బంధనాలను, దవడ ఎముకను తినడం మొదలుపెడితే అది పరిదంత వ్యాధి. పోయిన ఎముక తిరిగి రాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో చిగురుకూ పంటికీ మధ్య సందు ఒక మిల్లీమీటరు లోపే. అంతకు మించితే వ్యాధి ఉన్నట్టు.

ఎలుకల్ని వేటాడే పిల్లికి పళ్ళు తోమనక్కరలేదన్న అభిప్రాయాన్ని ఇక్కడ పరిశీలించాలి. ఆస్ట్రేలియాలో 1998లో ప్రచురితమైన క్లార్క్, కామెరాన్‌ల అధ్యయనం అడవిపట్టిన పిల్లుల్ని, ఇంటి పిల్లుల్ని పోల్చింది. వేటమీద బతికే వాటికి గార తక్కువగా ఉంది. పరిదంత వ్యాధిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పళ్ళు తెల్లగా కనిపించడానికీ చిగుళ్ళు బాగుండడానికీ సంబంధం అంత సూటిగా లేదు. గాదె దగ్గరి పిల్లి పళ్ళు పట్నపు పిల్లి పళ్ళకన్నా శుభ్రంగా మెరిసినా చిగురు అంచును విడిగా చూడవలసిందే.

ఇతర నోటి వ్యాధులు

*దంత శోషణ.* పిల్లి శరీరమే తన పంటిని కరిగించుకొనే వ్యాధి ఇది. డెంటిన్‌ను తినే కణాలు వేరు దగ్గరో, చిగురు అంచు వద్ద పంటి మెడ దగ్గరో గుంటలు చేస్తాయి. వయసు మీరేకొద్దీ ఎక్కువ. నడివయసు దాటిన పిల్లుల్లో చాలా సామాన్యం. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. చిగురు పంటి మీదికి ఎర్రగా పాకినట్టు కనిపించడం ఒక గుర్తు, ముఖ్యంగా కింది దవడలోని మొదటి అగ్రచర్వణకం మీద. చాలా కేసుల్లో ఎక్స్‌రే తీయకుండా తెలియదు. తోమడం దీన్ని ఆపదు. ఆ పంటిని తాకితే మత్తులో ఉన్న పిల్లి దవడ కూడా అదురుతుంది. అలవాటైన పిల్లి ఒక్కసారిగా బ్రష్షును తిరస్కరిస్తే మొండితనం అనుకోకుండా ఈ వ్యాధిని అనుమానించాలి.

*దీర్ఘకాలిక నోటిపూత.* చిగుళ్ళు, బుగ్గల లోపల, గొంతు మొదట్లో మండిపోయినట్టు ఎర్రబడే తీవ్రవ్యాధి. పాచికి శరీరం అతిగా స్పందించడం ఇందులో ఉంది. క్యాలిసివైరస్‌కు దీనితో దగ్గరి సంబంధం కనిపిస్తుంది. పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించి నోటి జబ్బులకు దారినిచ్చే ఎఫ్‌ఐవీ వైరస్ పోట్లాటల్లో పడే కాట్ల ద్వారా పాకుతుంది. రాత్రిళ్ళు మిద్దెల మీద కొట్లాడే గండుపిల్లులకు ఈ ముప్పు ఎక్కువ. సంతాన నిరోధక శస్త్రచికిత్స కొట్లాటల్ని తగ్గిస్తుంది.

*విరిగిన పళ్ళు.* మిద్దె మీది నుంచి పడడం, బండి తగలడం, రాయి దెబ్బ సాధారణ కారణాలు. కోరపంటి కొన విరిగి మధ్యలో గులాబీ లేదా నల్లని చుక్క కనిపిస్తే నాడి బయటపడినట్టే.

ఫ్లోరైడ్ నీరు, పళ్ళ మచ్చలు

గ్రానైటు, నైసు శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. వాన తక్కువ, ఆవిరి ఎక్కువ, నీరు క్షారగుణంతో ఉండడం దాని గాఢతను పెంచుతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. దాకా అనుమతి. అనంతపురం ప్రాంతంలోని అనేక బోర్లు ఈ హద్దు దాటాయి. భారతదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించింది కూడా తెలుగు నేల మీదే: 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో షార్ట్ బృందం. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు సురక్షితమైన నీరు చేర్చింది. (చూ. ఫ్లోరోసిస్, అనంతపురం జిల్లా: తాగునీరు)

దంత ఫ్లోరోసిస్ ఎనామెల్ తయారయ్యే దశలోనే కలుగుతుంది. పన్ను చిగురు దాటి బయటికి వచ్చాక తాగిన నీరు దాని మీద ఆ మచ్చలు వేయలేదు. పశువులు, గొర్రెలు, మేకల్లో ఈ మచ్చలు బాగా నమోదయ్యాయి. సుద్దరంగు చారలు, గోధుమ మచ్చలు, గుంటలు రెండు పక్కల పళ్ళ మీదా ఒకే తీరున కనిపిస్తాయి.

ఇంట్లో పరీక్షించేవారికి ఇందులో అవసరమైన విషయం తేడా పట్టడం. గార పసుపు లేదా గోధుమరంగులో చిగురు అంచు దగ్గర మొదలవుతుంది, ఉబ్బెత్తుగా ఉంటుంది, పై దవడ వెనుక పళ్ళ బుగ్గవైపున ఎక్కువ. ఎనామెల్ లోపం పంటిలోనే ఉంటుంది, అంచులతో నిమిత్తం లేదు, గోరు పెడితే పైకి ఉబ్బిన మెట్టు తగలదు. మొదటిది వైద్యుడు శుభ్రం చేస్తే పోతుంది. రెండోదాన్ని ఎంత రుద్దినా పోదు. రుద్దేకొద్దీ బలహీనమైన ఎనామెల్ అరిగిపోతుంది.

ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళో చూలు పిల్లికీ, పెరిగే కూనలకూ ఇంట్లో మనుషులు తాగే నీళ్ళే పెట్టడం మేలు. పిల్లి రోజుకు తాగేది గ్లాసు కన్నా తక్కువ. క్యాను నీళ్ళు కొనే ఇంట కూడా అది బరువైన ఖర్చు కాదు.

తోమే పద్ధతి

సాధనాలు మూడు: మెత్తని తడి నూలుగుడ్డ చుట్టిన వేలు, వేలికి తొడిగే రబ్బరు బ్రష్షు, పసిపిల్లల చిన్నతల బ్రష్షు. పేస్టు వాడితే పిల్లులకని చేసినదే వాడాలి. కోడిమాంసం, చేపల వాసనలతో వచ్చే వాటిలో కొన్నింటిలో పాచిని అదుపుచేసే ఎంజైములు ఉంటాయి. పేస్టు దొరకకపోతే ఉత్త నీళ్ళు చాలు. పాచిని వదిలించేది రాపిడి; పేస్టు చేసేది పిల్లిని ఒప్పించడం. నెలకొకసారి ఖరీదైన పేస్టు కన్నా రోజూ తడిగుడ్డ ఎన్నో రెట్లు నయం. నీటి కరవున్న ఇంటికి ఇంకో వెసులుబాటు, పుక్కిలింపు అక్కరలేదు. చెంచాడు నీళ్ళతో పని అయిపోతుంది.

అలవాటు మెల్లగా చేయాలి. మొదటి కొన్నాళ్ళు తిండి పెట్టేముందు దవడలు నిమరడం, పెదవి మూల ఎత్తి వదలడం. అది కుదిరాక పేస్టో కోడిరసమో వేలికి రాసి నాకించడం. ఆపైన గుడ్డ చుట్టిన వేలిని కోరపంటి మీద ఒకసారి జరపడం. ఎక్కడ బెదిరితే అక్కడ ఆగి మరునాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. నెల పట్టినా తొందర తగదు. పని కాగానే ఇష్టమైన ముద్ద ఒకటి పెట్టడం పద్ధతిలో భాగమే, లంచం కాదు.

పిల్లిని ఒళ్ళో, ముఖం అటువైపు ఉండేలా కూర్చోబెట్టుకోవాలి. ఎదురుగా నిలబడి ముఖం మీదికి చెయ్యి తెస్తే ఏ పిల్లయినా వెనక్కి తగ్గుతుంది. ఎడమచేతితో తలను పైనుంచి పట్టి బొటనవేలితో పెదవి మూల ఎత్తాలి. నోరు తెరవనక్కరలేదు. బ్రష్షును చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో ఆనించి చిన్న గుండ్రాలుగా తిప్పాలి. బుగ్గవైపు తలాలు మాత్రం చాలు. లోపలివైపును గరుకైన నాలుక కొంతవరకు చూసుకుంటుంది. పై వెనుక పళ్ళకు ముందు ప్రాధాన్యం, ఎందుకంటే లాలాజల గ్రంథి నాళాలు అక్కడే తెరుచుకుంటాయి, గార అక్కడే ముందు చేరుతుంది. ఒక్కో పక్కకు అరనిమిషం. ప్రమాణం రోజుకొకసారి, వారానికి మూడుసార్లకు తగ్గితే ఫలితం నిలవదు.

కూనగా ఉన్నప్పుడే మొదలుపెట్టడం సులువు. పళ్ళు మారే నాలుగు, ఆరు నెలల మధ్య చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి కనుక ఆ కాలంలో తాకడం వరకే ఉంచి, తోమడం ఆపాలి. నోరు ఇప్పటికే చెడిన పిల్లికి ముందు వైద్యం, తరువాతే బ్రష్షు. నొప్పి ఉన్న నోటిని తోమితే పిల్లికి ఆ పని మీద శాశ్వతమైన భయం పట్టుకుంటుంది.

వాడకూడనివి

మనుషుల పేస్టులో ఫ్లోరైడ్, నురగ పదార్థాలు ఉంటాయి. పిల్లి ఉమ్మదు, అంతా మింగుతుంది. వేపపుల్ల, కానుగపుల్ల మనుషులకు చెల్లినా పిల్లి చిగురు మీద పీచు గుచ్చుకుంటుంది. బొగ్గుపొడి, కచ్చిక, ఉప్పు పలచని ఎనామెల్‌ను గీస్తాయి. తినేసోడాలో సోడియం అధికం.

లవంగ నూనె ప్రత్యేకంగా చెప్పవలసినది, ఎందుకంటే పంటినొప్పి అనగానే ఇంట్లో మొదట తీసే సీసా అదే. అందులోని యూజినాల్ వంటి ఫినాల్ పదార్థాలను వదిలించుకొనే ఎంజైము పని పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఇదే కారణంతో పారాసిటమాల్ పిల్లులకు విషం. మనుషుల 500 మి.గ్రా. మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు గోధుమ లేదా నీలం రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే ఎసిటైల్‌సిస్టీన్ ఇచ్చి కాపాడే వీలుంది.

క్లోరెక్సిడిన్ ద్రావణం, జెల్ పాచి బాక్టీరియాను బాగానే అణచుతాయి. చేదుగా ఉంటాయి, పళ్ళకు మరక వేస్తాయి. వైద్యుడు చెప్పిన గాఢతలో, చెప్పినన్నాళ్ళే వాడాలి. నీటిలో కలిపే మందుల ఫలితం తోమడం కన్నా తక్కువ. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట, మందు వాసనకు పిల్లి నీళ్ళే మానేస్తే లాభం కన్నా నష్టం ఎక్కువ.

ఆహారం

పిల్లి పూర్తి మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి తిండిలోనే అందాలి; అది మాంసంలో, చేపల్లో ఉంటుంది, సంగటిలో, అన్నంలో ఉండదు. మెత్తని ముద్ద పంటికి రాపిడి ఇవ్వదు, సందుల్లో నిలుస్తుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

పొడి ఆహారం పళ్ళు శుభ్రం చేస్తుందన్న నమ్మకం సగమే నిజం. మామూలు గుళిక పంటి కొన తగలగానే పగిలిపోతుంది, చిగురు అంచుదాకా చేరదు. దంతాల కోసమే తయారుచేసినవి పెద్దవిగా, పీచుతో, పగలకముందు పన్ను దిగబడేలా ఉంటాయి. కొన్నింటిలో లాలాజలపు కాల్షియాన్ని పట్టేసే పాలీఫాస్ఫేట్లు కలుపుతారు.

ఎముకల విషయంలో అభిప్రాయభేదం ఉంది. పచ్చి ఎముక నమలడం గారను తగ్గిస్తుందని ఒక వర్గం అంటుంది. పళ్ళు విరగడం, సాల్మొనెల్లా వంటి క్రిములు ఇంట్లోకి రావడం మరో వర్గం ఎత్తిచూపే ముప్పు. ఉడికిన కోడి ఎముక గురించి మాత్రం వాదన లేదు. అది సూదుల్లా చీలి అంగిట్లో అడ్డం పడుతుంది, పేగుల్ని గుచ్చుతుంది.

పరీక్ష, ప్రమాద సూచనలు

వారానికొకసారి వెలుతురులో రెండు పక్కల పెదవి ఎత్తి చిగురు రంగు, పంటి మెడ, వాసన గమనించాలి. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. తిండి మానేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గిన్నె దగ్గరకు ఆత్రంగా వచ్చి ముట్టి పారిపోవడం, ముద్ద జారవిడవడం, ఒకే పక్కన తినడం, చొల్లు కారడం, ఒళ్ళు నాక్కోవడం తగ్గి బొచ్చు అట్టకట్టడం ముందుగా కనిపించే గుర్తులు.

వాసన వేరే జబ్బులనూ చెబుతుంది. మూత్రపు ఘాటు ఉంటే మూత్రపిండాల వ్యాధిని, మగ్గిన పండు వాసన ఉంటే మధుమేహాన్ని అనుమానిస్తారు.

చిగుళ్ళు పాలిపోయి, ఊరికే రక్తం ఊరుతుంటే పళ్ళ జబ్బు అనుకోవద్దు. బుడ్డల గోడౌన్లలో పెట్టే బ్రొమాడియొలోన్ ఎలుకమందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది; ఆ మందు తిన్న ఎలుకను తిన్న పిల్లికీ అదే గతి. విటమిన్ కె1 చికిత్స గంటల్లో మొదలు కావాలి.

మగ్గాలున్న ఇళ్ళలో దారం మరో ముప్పు. ధర్మవరం వంటి పట్టునేత ఊళ్ళలో తెగిన పోగులు నేల మీద పడడం సహజం, వాటితో ఆడుకోవడం పిల్లికి సహజం. పోగు నాలుక మొదట్లో చుట్టుకొని రెండో కొన పేగుల్లోకి దిగుతుంది. నోట్లో దారం కనబడితే లాగకూడదు. లాగితే పేగు కోసుకుపోతుంది. కనిపించే కొనను అలాగే వదిలి వైద్యశాలకు తీసుకుపోవాలి.

మింగలేక చొల్లు కారుస్తూ వింతగా ప్రవర్తించే పిల్లి, ముఖ్యంగా ఊరుపేరు తెలియని పిల్లి నోట్లో వేలు పెట్టకూడదు. రేబిస్ కావచ్చు. కాటు గానీ గీత గానీ పడితే సబ్బునీళ్ళతో పావుగంట కడిగి వెంటనే టీకాకు వెళ్ళాలి. నీళ్ళు పొదుపు చేయవలసిన సందర్భం ఇది కాదు. పెంపుడు పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించడం తోమడానికన్నా ముందు పని.

వైద్యశాలలో జరిగేది

గారను పూర్తిగా తీయాలంటే మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, చిగురు పైనా కిందా శుభ్రం చేసి, సందుల లోతు కొలిచి, ఎక్స్‌రే తీసి, చివరకు పంటిని నునుపు చేయాలి. మత్తు లేకుండా పైపైన గీకే పద్ధతిని నిపుణ సంఘాలు వ్యతిరేకిస్తాయి. పళ్ళు తెల్లబడతాయి, వ్యాధి చిగురు కింద అలాగే ఉంటుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం నమోదైన వైద్యులే చేయాలి.

ఊళ్ళలోని పశువైద్యశాలల్లో పరీక్ష, టీకాలు, నొప్పి తగ్గించే మందులు దొరుకుతాయి. 1962 నంబరుకు పిలిస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు 2022 నుంచి తిరుగుతున్నాయి, వాటి ముఖ్యోద్దేశం పాడిపశువులు, గొర్రెలు, మేకలు. దంత ఎక్స్‌రే వంటి ప్రత్యేక సదుపాయాల కోసం తిరుపతి పశువైద్య కళాశాల వైపు గానీ, అనంతపురం పట్టణం నుంచి 200 కిలోమీటర్లకు పైబడిన దూరంలోని బెంగళూరుకు గానీ వెళ్ళవలసి రావచ్చు. ఎండాకాలంలో బుట్టలో పిల్లితో అంత దూరం బస్సు ప్రయాణమంటే అదే ఒక ప్రమాదం. తెల్లవారుజామున బయలుదేరడం, దారిలో నీళ్ళు పట్టడం తప్పనిసరి. ఈ సీమలో ఇంటి సంరక్షణకు పట్నాల్లోకన్నా ఎక్కువ విలువ ఉండడానికి కారణం ఈ దూరమే.

దంత శోషణ వచ్చిన పళ్ళను, ఎముక కరిగి వదులైన పళ్ళను సాధారణంగా తీసేస్తారు. నోటిపూత తీవ్రమైతే వెనుక పళ్ళన్నీ, కొన్నిసార్లు అన్ని పళ్ళూ తీస్తారు. చాలా పిల్లులకు దానితో బాగా ఉపశమనం కలుగుతుంది. పళ్ళు లేని పిల్లి ఎలా తింటుందన్నది యజమానులు తప్పక అడిగే ప్రశ్న. పుండ్లు మానే రెండు వారాలు మెత్తగా చిదిమిన కోడిమాంసం, చేప పెడతారు. ఆ తరువాత చాలా పిల్లులు పొడి గుళికలనూ అలాగే మింగేస్తాయి. తోమవలసిన పని అక్కడితో తీరుతుంది. చిగుళ్ళు చూడవలసిన పని మాత్రం ఉంటుంది.